నిధి కాడి నీళ్ళు

ఏమన్నావూ? నిధి అని ఎందుకంటారనా? పొద్దున ఎదురింటి కోడలు "నిధి కాడికి పోయి రెండు బిందెలు తెచ్చుకుంటానత్తా" అంటే విని నవ్వావే, అదేనా. మాకు అలవాటైపోయి అందులో వింతేముందో కూడా తెలియటం లేదు. అది బోరింగే శ్రీదివ్యా, చేత్తో కొట్టుకునే బోరింగు. పాటిదిబ్బ మీద ఉంటుంది. దానికి ఆ పేరు రావటానికి కారణం మా బావగారు, అంటే మీ తాతయ్యకి అన్న, బాపయ్యగారు. నువ్వు చూడలేదాయన్ని. నువ్వు పుట్టకముందో, పుట్టిన ఏడాదో పోయాడు. అదిగో చూశావా, అప్పుడే తేలటం లేదు. ముందే చెబుతున్నా, ఈమధ్య నాకు ముందు జరిగిందీ వెనక జరిగిందీ తారుమారవుతున్నాయి. మొన్న గరిటె అన్న మాట రాక "అదే, అన్నం పెట్టేది" అని చెయ్యి తిప్పి చూపిస్తే మీ అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను బడికి పోయినదాన్ని కాదు. కొట్లో పప్పులూ బెల్లం కట్టిచ్చిన పేపరు ముక్కలు కూడబలుక్కుని చదువుకుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని. అట్లా ఒక్కోటి పోగేసుకున్న మాటలు ఒక్కోటే జారిపోతుంటే ఎట్లా ఉంటుందో నీకు తెలియదులే. ఫోనులో ఎక్కిస్తున్నావా? ఎక్కించు, మంచిదే. మిగతావి పోతే పోయాయి, ఇది ఒక్కటి నాకు సరిగ్గా ఉండాలి. ఆ చేట ఇటు జరుపు. కందిపప్పు బాగుచేసుకుంటూ చెబుతాను. చేతులు ఖాళీగా ఉంటే నాకు మాట రాదు.

బావగారంటే ఎట్లా ఉండేవాడంటే, పొడుగు మనిషి, తలపాగా లేకుండా బయటికి వచ్చేవాడు కాదు. మాట తక్కువ. నేను కాపురానికి వచ్చిన నలభై ఏళ్ళలో ఆయనతో ఎదురుపడి నాలుగు మాటలు మాట్లాడానో లేదో. అప్పట్లో అట్లాగే ఉండేది. భర్తకి అన్నగారంటే ఎదురుగా కూర్చోకూడదు, నేరుగా మాట్లాడకూడదు. మరి పనులు నడవాలిగా? నేను గేదెకి చెప్పేదాన్ని. "ఏమే, అన్నం ఉడికింది, కాళ్ళు కడుక్కుంటే వడ్డిస్తారు" అని గేదెతో అంటే, ఆయన గేదెకి అటుపక్క నిలబడి, "కడుక్కుంటున్నా" అని గేదెకే చెప్పేవాడు. నవ్వకు. ఆ గేదెకి తెలియని సంగతి ఈ ఇంట్లో లేదు. ఇది గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

సరే, దిబ్బ. ఊరికి ఉత్తరాన మన ఎగువ చేనుకి పోయే దారిలో ఉంది చూడు, అది మన పట్టాలోదే. పూర్వం ఎప్పుడో అక్కడ ఊరుండేదట. ఆ మట్టిని పాటిమన్ను అంటారు. బూడిదలాగా మెత్తగా ఉంటుంది, చేలోకి తోలితే మిరప చెట్టు నల్లగా, దుబ్బుగా వస్తుంది. ఇప్పుడంటే బస్తాల ఎరువులు వచ్చాయి గానీ, అప్పుడు ఎండాకాలం వస్తే ఇక్కడి నుంచి అద్దంకి దాకా ఎవరి దిబ్బ మట్టి వాళ్ళు బండ్లకెత్తుకుని చేలకి తోలుకోవటమే పని. మా మామగారు పున్నయ్య కూడా అంతే. చైనా యుద్ధం జరిగిన ఏడు ఎండల్లో, నేను కాపురానికి రాకముందు మాట, ఆయన దిబ్బ మీద మన్ను తవ్వి బండికెత్తుతున్నాడు. సగం బండి నిండింది. పార ఠంగుమంది. చూస్తే కుండ మూతి. మట్టి తీసి చూశాడట, కుండ మూతికి పైన రాయి పలక పెట్టి ఉందట. ఆయన ఏం చేశాడు? మళ్ళీ మట్టి కప్పి, గుర్తుగా పార అక్కడే నిలువునా గుచ్చి, బండి అక్కడే వదిలి, పెద్దకొడుకుని తీసుకొద్దామని ఇంటికి బయల్దేరాడు. నేరుగా ఇంటికొచ్చి ఉంటే ఈ కథే లేదు. దారిలో కాఫీ హోటలుంది. అక్కడ మంచినీళ్ళు తాగాడు. గొంతు తడిశాక మాట ఆగలేదు. చెప్పేశాడు. హోటల్లో ఉన్నవాళ్ళంతా గునపాలేసుకుని దిబ్బ మీదకి పోయారు. పోతే పారా లేదు, బండీ లేదు, కుండా లేదు. సాయంత్రం దాకా తవ్వారు. పెంకులు తప్ప ఏమీ లేవు. అందరూ మా మామగారి మొహం వంక చూశారట. "పున్నయ్యా, ఎండ దెబ్బేమో, పోయి మజ్జిగ తాగు" అన్నారట.

అంతటితో పోలేదు. ఊళ్ళో ఎవరు కోతలు కోసినా "పున్నయ్య బిందెలే" అనటం మొదలుపెట్టారు. పెళ్ళికి సన్నాయి మేళం తెస్తానని ఎవరైనా అంటే "ఏదీ, పున్నయ్య బిందె మేళమా?" వాన వస్తుందని ఎవరైనా అంటే "పున్నయ్య బిందె వాన." నేను కొత్త కోడల్ని, వాళ్ళు అంటున్న పున్నయ్య మా మామగారని నాకు ఆర్నెల్ల దాకా తెలియదు. తెలిసిన రోజున ఆయనకి అన్నం పెడుతూ మొహం చూడలేకపోయాను. మంచి మనిషి. అబద్ధం చెప్పటం కాదు కదా, అబద్ధం వినటం కూడా చేతకాని మనిషి. ఆ తర్వాత పదిహేనేళ్ళు బతికాడు. దిబ్బ వైపు తలెత్తి చూడలేదు. చేనుకి పోవాలంటే చుట్టు తిరిగి పోయేవాడు.

బావగారు ఇదంతా ఎన్నేళ్ళు దిగమింగాడో. మామగారు పోయాక చాలా ఏళ్ళకి, పత్తికి పచ్చపురుగు పట్టి చేలన్నీ పోయిన ఏడు, తొంభై ఎనిమిది అనుకుంటా, మిరపకాయల టిక్కీలు, అదే బస్తాలు, వేసుకుని గుంటూరు యార్డుకి పోయాడు. అక్కడ ఒక ముఠా కూలీ ఇంకొకణ్ణి "ఒరేయ్, నీ పున్నయ్య బిందె కబుర్లు ఆపి టిక్కీ ఎత్తరా" అన్నాడట. వంద కిలోమీటర్ల అవతల! ఈయన ఆగి అడిగాడు, "ఏమయ్యా, పున్నయ్యంటే ఎవరు?" అని. "ఎవరో అద్దంకి వైపు అబద్ధాలకోరంటండీ. మా మామ అంటుండేవాడు. చచ్చి ఎంతకాలమైందో" అన్నాడట వాడు. ఈయన కాయ అమ్మి ఇంటికొచ్చాడు. అన్నం తినలేదు. నేను గేదెతో "ఏమైందంట?" అన్నాను. ఆయన గేదెతోనే మొత్తం చెప్పాడు. ఒక్కరోజులో అంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. చివర్లో, "ఆ బిందె బయటికి తీసి ఊరి నడిబొడ్డున పెడతా. అందులో మట్టి ఉన్నా సరే. మా నాన్న చూశానన్నది చూశాడు, అంతే" అన్నాడు. అది గుర్తుపెట్టుకో. ఆయనకి బంగారం కావాలని చాలామంది అనుకున్నారు. కాదు. కుండ కావాలి.

తవ్వటానికి దానయ్యని పెట్టుకున్నాడు. దానయ్య ఊళ్ళో సగం బావులు తవ్విన మనిషి, చర్చిలో పెద్ద, ఆదివారం పార ముట్టడు. "బాపయ్యగారూ, నీళ్ళకి తవ్వితే ఎక్కడ ఆగాలో నాకు తెలుసండీ. దీనికి ఎక్కడ ఆగాలి?" అని అడిగాడు మొదటిరోజే. "దొరికినచోట." "దొరక్కపోతేనండీ?" "దొరికిందాకా." దానయ్య తల గోక్కుని, "అయితే నా తర్వాత మా వాళ్ళకి కూడా పని ఉన్నట్టేనండీ" అని గుంటలోకి దిగాడు. రెండేళ్ళు, పంట పనులు లేనప్పుడల్లా ఇద్దరూ తవ్వారు. అంతా పట్టపగలే, అందరూ చూస్తుండగానే. దొంగచాటుగా తవ్వితే నాన్న మాట దొంగమాట అవుతుందని ఆయన లెక్క. ఏం దొరికిందంటావా? ఇటికలు. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, ఒక్కోటి ఇద్దరు మోయాలి. మేము వాటితో పొయ్యిగడ్డలు పెట్టుకున్నాం, బట్టలుతికే చోట పరుచుకున్నాం. ఇంకా పూసలు, విరిగిన కూజా ముక్కు ఒకటి. ఆయన అవన్నీ పక్కకి నెట్టేసేవాడు. "కుండ కాదు" అనేవాడు. పదిహేనడుగులు పోయినా కుండ లేకపోయేసరికి ఇంకో లెక్క వేశాడు. పాతిపెట్టినవి భూమిలో కదులుతాయని పెద్దవాళ్ళు అనేవాళ్ళు కదా, ఏడాదికి జానెడు కిందకి దిగుతాయట. యుద్ధం ఏడు మోకాలి లోతులో ఉంది, ఇప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు, ముప్ఫై ఎనిమిది జానలు. "ముప్ఫై అడుగుల లోతులో ఉండాలి" అన్నాడు గేదెతో. గేదె ఏమంటుంది?

అప్పుడు బోరు ఆలోచన వచ్చింది. అద్దంకిలో బుడాన్ అని ఉండేవాడు, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలంలో నడుస్తాడు, నీళ్ళున్నచోట కాయ నిలువుగా లేచి నిలబడుతుంది. మాది ఉప్పునీళ్ళ ఊరు, అప్పటికే ఊళ్ళో పన్నెండు బోర్లు వేస్తే పన్నెండూ పోయాయి. తాగే నీళ్ళకి ఆడవాళ్ళం మైలున్నర నడిచి పక్కూరి బావికి పోయేవాళ్ళం. అందుకని బుడాన్ వస్తే పిల్లాజెల్లా అంతా వెంట తిరిగారు. బావగారు అతన్ని పక్కకి పిలిచి, "నీ కాయ వేరేవాటికి కూడా లేస్తుందా?" అని అడిగాడు. బుడాన్ మనిషి తెలివైనవాడు. "నీళ్ళకి లేస్తుంది బాపయ్యగారూ. మీరడిగేదానికి పడుకుంటుంది" అన్నాడు. "అయితే బాగా పడుకునే చోటు చూపించు." "ఇప్పటిదాకా ఊరంతా పడుకునే ఉంది కదండీ!" "అన్నిట్లోకీ గట్టిగా పడుకున్న చోటు." చివరికి దిబ్బ నెత్తి మీద కాయ అసలు కదలలేదట. అక్కడ గుర్తు పెట్టారు. "మీ ఇష్టమండీ. రేపు నీళ్ళు పడలేదని మాత్రం నన్ననకండి" అని బుడాన్ దండం పెట్టి వెళ్ళిపోయాడు.

బోరు లారీ వచ్చింది. తమిళవాళ్ళు. మామూలుగా వాళ్ళని దిబ్బ ఎక్కించి బోరు వేయమనేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి వాళ్ళకి మేం పిచ్చివాళ్ళలాగా కనబడి ఉంటాం. ఇంకా పిచ్చి ముందుంది. బోరు వేస్తుంటే తెల్లగా దుమ్ము లేస్తుంది చూడు, ఆ దుమ్మంతా గంపలకెత్తి జల్లెడ పట్టమన్నాడు మా బావగారు. నేనూ మా అక్కయ్యా, అంటే ఆయన భార్య, ముక్కుకి గుడ్డలు కట్టుకుని పిండి జల్లించినట్టు జల్లించాం. కుండ పెంకు వస్తే చెప్పాలి. మా అక్కయ్య "సుబ్బరావమ్మా, ఈ పిండితో ఎన్ని రొట్టెలవుతాయంటావ్?" అని అడిగింది మధ్యలో. లారీవాడు వచ్చీరాని తెలుగులో "అమ్మా, ఏం వెతుకుతున్నారు?" అన్నాడు. మా అక్కయ్య "మా మామగారి మాట" అంది. ముప్ఫై అడుగులైంది. ఏమీ లేదు. ఆపమంటాడేమో అనుకున్నాం. "ఈ మోతకి బెదిరి ఇంకా కిందకి పోయి ఉంటుంది, వెయ్యండి" అన్నాడు. అరవై. వంద. నూట నలభై. మా చేతులు పడిపోయాయి. నూట అరవై దగ్గర బుస్సుమని నీళ్ళు లేచాయి శ్రీదివ్యా! తాటిచెట్టంత! ఆకాశం నుంచి మా మీద పడ్డాయి. దానయ్య నోరు తెరిచి తాగి "తియ్యటి నీళ్ళండోయ్!" అని అరిచాడు. ఊరంతా పరిగెత్తుకొచ్చింది. ఆడవాళ్ళు ఏడ్చారు, అది నేను చూశాను, నేనూ ఏడ్చాను. మైలున్నర నడిచే కాళ్ళకి తెలుస్తుంది. మా బావగారు మాత్రం ఒక ఇటిక మీద కూలబడి, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పోయిన కబురు వచ్చినట్టు కూర్చున్నాడు. సర్పంచి వచ్చి చేతులు పట్టుకుని "బాపయ్యా, ఊరికి ప్రాణం పోశావు" అంటే, "ఇంక జల్లెడ పట్టటం కుదరదు" అన్నాడు.

అదీ నిధి. ఎగతాళికే పెట్టారు మొదట్లో. "పున్నయ్య బిందె దొరకలేదు గానీ ఊరి బిందెలు నిండాయి" అని. తర్వాత ఎగతాళి పోయి పేరు మిగిలింది. ఆయన మాత్రం ఆ నీళ్ళు తాగుతూ కూడా సంతోషించలేదు. నీళ్ళు దొరికాయి, నాన్న మాట దొరకలేదు.

ఇక్కడ నేను చేపల సంగతి చెప్పాలి. చెప్పానా ఇందాక? చెప్పలేదు కదూ. ఇది ముందు చెప్పాల్సింది, చాలా ముందు. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో ఎగువ చేలో మిరపకి కలుపు తీస్తుంటే నల్లటి బిళ్ళలు తగిలేవి. గోరంత, బొటనవేలంత. చిన్నవే గానీ బరువు. గోరుతో గీస్తే లోపల తెల్లగా మెరిసేది. సీసం. మట్టి పట్టి ఉండేవి, మీద బొమ్మలున్నాయేమో నేను చూడలేదు. కలుపు తీసేదానికి నడుము ఎత్తే తీరిక ఎక్కడిది? కొంగున కట్టుకుని తెచ్చి ఒక ముంతలో పడేసేదాన్ని. వాడరేవు నుంచి కాటమ్మ అని ఎండుచేపలు తెచ్చేది, ఏడాదికి రెండుమూడు సార్లు, బస్సు దిగి గంప నెత్తిన పెట్టుకుని. మేము ఎండుమిరపకాయలు పోస్తే ఆమె చేపలు పోసేది. ఒకసారి ఆ ముంత చూసి, "అమ్మాయ్, ఇది సీసం కదా, మా వాళ్ళు కరిగించి వల అంచుకి గుండ్లు పోసుకుంటారు, ఇచ్చెయ్యరాదూ" అంది. సోలెడు బిళ్ళలకి సోలెడు ఎండు నెత్తళ్ళు. అట్లా పదేళ్ళు. బిళ్ళలు రావటం తగ్గి తగ్గి ఆగిపోయింది. అన్నీ కలిపితే ఎన్ని ఉంటాయంటావా? నేను తర్వాత కూర్చుని సోలలు తలుచుకుని చూశాను. ఒక బిందెడు.

అన్నీ పోగా నాలుగు మిగిలాయి. వాటిని మంచినీళ్ళ కుండ మీద కప్పే గుడ్డకి నాలుగు మూలలా కుట్టాను, గాలికి లేవకుండా. ముప్ఫై ఏళ్ళు గుడ్డలు మారాయి గానీ బిళ్ళలు మారలేదు. ఆ కుండ పక్కనే బావగారు కూర్చుని తలపాగా చుట్టుకునేవాడు రోజూ. ఆ గుడ్డ తీసి రోజూ నీళ్ళు ముంచుకున్నాడు.

ఆ ఇటికల సంగతి దానయ్య కూతురు హెలెన్ పట్టుకుంది. బళ్ళో టీచరు. మేం బట్టలుతికే ఇటికని టేపు పెట్టి కొలిచి, పురావస్తు శాఖకి ఉత్తరం రాసింది. రాసి నా చేత చదివించింది, తప్పులున్నాయేమో చూడు పిన్నీ అని. నా చేత! చాలాకాలానికి జీపు వచ్చింది. సంతోషకుమారి అని ఒకావిడ, సన్నగా, నెత్తిన టోపీ, చేతిలో బ్రష్షు. దిబ్బంతా తిరిగి, "ఎంత మట్టి పోయిందమ్మా ఇక్కడి నుంచి, మీ చేలన్నీ తవ్వాలి నేను" అంది నవ్వుతూ. మన ఇంటికొచ్చి మంచినీళ్ళడిగింది. నేను గుడ్డ తీసి గ్లాసు ముంచి ఇచ్చాను. ఆవిడ గ్లాసు పట్టుకుని, తాగకుండా, గుడ్డ వంక చూస్తోంది. "ఈ మూలల్లో ఏం కుట్టారమ్మా?" అంది. కత్తెర ఇచ్చాను. కుట్లు విప్పి ఒకదాన్ని బ్రష్షుతో రుద్ది అరచేతిలో పెట్టి చూపించింది. ఏనుగు. ఇంత చిన్న ఏనుగు, తొండం ఎత్తి. "రెండు వేల ఏళ్ళ నాటి నాణెం. సీసపు నాణెం" అంది. గడప కాడ నిలబడి ఉన్నాయన అడిగాడు, "ఇట్లాంటివి దేంట్లో పెట్టి పాతేవాళ్ళమ్మా?" అని. "మట్టి కుండల్లోనండీ. పైన రాయి పలక మూత పెట్టి" అంది ఆవిడ. అవి తీసుకెళుతూ కాగితం రాసిచ్చింది, ఫలానా గ్రామం, ఫలానా దిబ్బ, నాలుగు నాణేలు, పొలం హక్కుదారు సంతకం అని.

ఆ సాయంత్రం కళ్ళంలో పట్టా మీద మిరపకాయలు ఎండుతున్నాయి. నేను తాలు కాయలు ఏరుతున్నాను. బావగారు మంచం మీద కూర్చున్నాడు. చెప్పటానికి గేదె కూడా లేదక్కడ. నేను లేచి వెళ్ళి ఆయనకి ఎదురుగా నిలబడ్డాను. "బావగారూ, ఆ బిళ్ళలు నాలుగే కాదు. బిందెడు దొరికాయి నాకు." ఆయన తలెత్తి నన్ను చూశాడు. "ఎక్కడ?" "ఎగువ చేలో. కలుపులో." పుల్ల తీసుకుని నేల మీద దిబ్బ గీశాడు, దారి గీశాడు, చేను గీశాడు. అప్పుడన్నాడు, "ఆ రోజు నాన్నకి అన్నం తీసుకుని దిబ్బ మీదకి పోయాను. అడ్డదారిన పోయాను, ఆయన హోటల్లో ఉన్నాడు. సగం బండి, ఎండలో ఎడ్లు. ఎందుకు నిలబెట్టటమని నేనే నింపి చేనుకి తోలాను సుబ్బరావమ్మా. పార గుచ్చి ఉంటే అక్కడే తవ్వాను. ఏదో పగిలింది. పాటిదిబ్బలో పెంకులు పగలక ఏం పగులుతాయనుకున్నా. అదే నాన్న కుండని ఇవాళ్టిదాకా తట్టలేదు." పార కూడా ఆయనే బండిలో వేసుకుపోయాడు. గుర్తూ పోయింది, కుండా మట్టితో పాటు చేలోకి పోయింది. నేను నిలబడే ఉన్నాను. "అవి ఏం చేశావు?" అన్నాడు. "కాటమ్మకి పోశాను. చేపలకి." "వంకాయలో వేసేదానివి, ఆ నెత్తళ్ళా?" "అవే." "బాగుండేది ఆ కూర" అన్నాడు. పుల్ల పక్కన పెట్టి, "నాన్న తిన్నాడా?" అన్నాడు. "తిన్నాడు. అడిగి రెండోసారి వేయించుకునేవాడు." అప్పుడు నవ్వాడు. నలభై ఏళ్ళలో ఆ నవ్వు నేను చూడలేదు. "ఊళ్ళో చెబుదామా?" అంటే, "కాగితం మీద ఎక్కింది. ఇంక ఊరెందుకు" అన్నాడు.

ఏమ్మా, అట్లా చూస్తున్నావు? బాగానే ముగిసింది అంటావా. అదే నా భయం. మీ నాన్నేమంటాడంటే, "జీపు వచ్చేసరికి పెదనాన్న పోయి ఏడాదయిందమ్మా, నువ్వు కలగన్నావు" అంటాడు. వాడు అప్పుడు ఊళ్ళో లేడు, వాడికేం తెలుసు. కానీ ఆయన పోయింది మిరపకోతలప్పుడే. జీపు వచ్చిందీ మిరపకోతలప్పుడే. ఒకే ఏడా, పైఏడా? గడప కాడ నిలబడి కుండ సంగతి అడిగినాయనకి తలపాగా ఉంది, అది నాకు కళ్ళకి కట్టినట్టుంది. అయితే అన్నగారు పోయాక మీ తాతయ్య కూడా ఆ తలపాగానే కట్టుకున్నాడు. బండి బావగారే తోలాడని ఆయన చెప్పకపోతే నాకెట్లా తెలుస్తుంది, చెప్పు? మా అత్తగారు చెప్పిందా? చెప్పి ఉండొచ్చు. ఆ మాటలు, ఆ కూర, ఆ నవ్వు... ఎదురుగా నిలబడి చెప్పానా, లేకపోతే చెప్పాల్సిందని కళ్ళంలో ఒక్కదాన్నే కూర్చుని ఇన్నేళ్ళు అనుకుంటూ ఉంటే అది జరిగినట్టు అయిపోయిందా? చెప్పకుండానే ఆయన పోయి ఉంటే, నాన్న మాట నిజమని తెలియకుండానే పోయాడు. నీళ్ళ గుడ్డకి నాలుగు బిళ్ళలు వేళ్ళాడుతుండగా. అడుగుదామంటే మీ తాతయ్యా లేడు, అక్కయ్యా లేదు, దానయ్యా లేడు.

ఆ కాగితం నాగజ్యోతి దగ్గరుంది. అదే, బావగారి కూతురు. బీరువాలో పెట్టానంది. ఫోనులో ఎక్కించటం ఆపు, ఆ ఫోనే చెయ్యి దానికి. తారీకు అరిగిపోయి ఉన్నా పరవాలేదు, కింద సంతకం పెట్టినవాళ్ళ పేర్లు చూడమను. మీ తాతయ్య అంకమ్మరావు అని ఉందో, బాపయ్య అని ఉందో. తండ్రి పేరు ఎట్లాగూ పున్నయ్య అనే ఉంటుంది. దానికి ముందున్న పేరు చదవమను.